విశ్వంభరానికి పంపిన ట్యూబు

సుభాషిణికి సూక్ష్మజీవశాస్త్ర పత్రిక నుంచి జవాబు వచ్చింది. వ్యాసం తమ పరిధిలోకే వస్తుందనీ, సంతోషంగా పరిశీలిస్తామనీ రాశారు. కాకపోతే ఒక నియమం. ఆమె కనిపెట్టిన బ్యాక్టీరియాను నలుగురికీ అందేలా సూక్ష్మజీవుల భాండారంలో ఉంచాలి. ఏ పరిశోధకుడు అడిగినా కాదనకూడదు.

ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

ఆ బ్యాక్టీరియా నౌపడ ఉప్పుమడుల్లో దొరికింది. మండుటెండలో, కాళ్లు మంటపుట్టే ఉప్పునీళ్లలో దిగి ఆమె సీసాలు నింపుతుంటే పక్కన నిలబడి గొడుగు పట్టింది మాస్టారే. ఆమె గురువు, మృత్యుంజయరావు గారు.

మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్లింది.

"మాస్టారూ, వ్యాసం వెనక్కి తీసేసుకుంటాను. ఈ నియమం లేని పత్రిక చూసుకుంటాను."

"ఎందుకమ్మా?"

"నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. పెద్ద ల్యాబుల వాళ్లకిస్తే నేను తేరుకునేలోపే మిగతా పనంతా చేసేస్తారు. నాకేం మిగులుతుంది?"

ఆయన ఫ్లాస్కులోని టీ రెండు గ్లాసుల్లో పోసి, నిండుగా ఉన్నది ఆమె వైపు జరిపారు. తాగేదాకా ఆగారు.

"నాకో పని చేసిపెడతావా? ఈమధ్య చేతులు నా మాట వినడం లేదు."

ఫ్రిజ్‌లోంచి ఆయన తీసిచ్చిన ట్యూబును ఆమె చూడగానే గుర్తుపట్టింది. మాస్టారికి పేరు తెచ్చిన బ్యాక్టీరియా అది. దాన్ని కొత్త ట్యూబులోకి మార్చే పని ఎప్పుడూ ఆయనే చేసుకునేవారు. ఆమె బర్నర్ వెలిగించి, బ్యాక్టీరియాను తీసే తీగను ఎర్రగా కాల్చి చల్లార్చి, ఊపిరి బిగబట్టి ఆ పని పూర్తి చేసింది.

కొత్త ట్యూబులో బ్యాక్టీరియా పసుపు పొరలా పెరిగాక, పార్సిల్ కట్టడానికి మళ్లీ పిలిచారు.

"ఎవరికి మాస్టారూ?"

"విశ్వంభరానికి."

ఆమె చేతులు ఆగిపోయాయి. కిందటేడు సదస్సులో నిండు సభలో లేచి, మాస్టారి ఫలితాలు తప్పని అన్న మనిషి ఆయనే. ఆ రోజు సుభాషిణి కోపంతో అన్నం కూడా ముట్టలేదు.

"ఆయనకా? అంత మాటన్నాక కూడానా?"

"ఆ ప్రయోగం తనే చేసి చూసుకుంటానన్నాడు. అడిగాడు, పంపుతున్నాను."

"మీది తప్పేనని తేల్చేస్తే?"

"తేలితే నాకూ తెలియాలి కదమ్మా."

పెట్టెలో దూది పరుస్తూ, మామూలుగా అన్నారు ఆ మాట. ట్యూబును కిటికీ వెలుతురుకెత్తి చూశారు. మూత నొక్కి చూశారు. పెట్టెలో పెట్టి, చెవి దగ్గర మెల్లగా ఊపి చూశారు. అయినా తృప్తి కలగలేదు.

"ఇంకొంచెం దూది పెట్టు, తల్లీ. దారిలో పగిలిందంటే, పాపం, మళ్లీ అడగడానికి మొహమాటపడతాడు."

సుభాషిణి దూది పెట్టింది. పార్సిల్ కట్టేసి ఆయన ముందుంచింది. తర్వాత బర్నర్ మళ్లీ వెలిగించి, తన ఉప్పుమడుల బ్యాక్టీరియా ట్యూబు కోసం ఫ్రిజ్ తలుపు తెరిచింది.