చామంతికి చేసిందే మనిషికీ

సింగనవలస సంస్థానాన్ని ఏలే పద్మనాభ భూపతులవారికి ఆషాఢమాసంలో ఒకనాడు కొత్త కోరిక పుట్టింది. మార్గశిరంలో రానున్న తమ జన్మదినాన పచ్చచామంతులతో తులాభారం తూగాలి. ఆ పూలు బయట కొనకూడదు. కోట తోటలోనే పూయాలి.

సభ యావత్తూ ఒక్కసారి మహారాజావారి బొజ్జ వైపు చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంది.

"అదెంత భాగ్యం మహాప్రభూ" అన్నాడు ఆస్థాన ఉద్యానాధికారి భుజంగరావు. ఆయన పాదాలకు మట్టి అంటకుండా ఎత్తు పావుకోళ్ళు తొడుక్కుని మాత్రమే తోటలో అడుగుపెట్టేవాడు. "మొక్కను దేవతలా చూసుకోవాలి. ఈ పైడయ్య మోటుచేతులు తగలకుండా ఉంటే అదే పూస్తుంది."

ఇరవై ఏళ్ళుగా ఆ తోటను సాకుతున్న పైడయ్య తన చేతులను ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"మోటువే బాబయ్యా. ఆ సంగతి పూలకింకా తెలీదు."

మహారాజావారికి ఈ మాటల పోటీ ముచ్చట గొలిపింది. తోట మధ్య గట్టు వేయించి ఇద్దరికీ చెరొక మడి ఇచ్చారు. ఎవరి పూలు తమను తూచగలిగితే వారిదే తోట పెత్తనం. రెండవవారు కోట విడిచి పోవాలి.

ఆ తోట తప్ప పైడయ్యకు వేరే లోకం లేదు.

వెంటనే పనిలో దిగాడు. పాత దుబ్బుల నుంచి పిలకలు విడదీసి నాటాడు. అవి జానెడు ఎదగగానే ప్రతి మొక్కకూ కొన గిల్లాడు. పక్కకొమ్మలు వచ్చాక వాటి కొనలూ గిల్లాడు. కొన గిల్లినకొద్దీ కొమ్మలు, కొమ్మలకొద్దీ పూలు. తోటపనివాళ్ళు దీన్నే తలలు తుంచడం అంటారు.

గట్టు మీద నిలబడి ఇదంతా చూసిన భుజంగరావు మర్నాడు సభలో చేతులు జోడించాడు.

"ఘోరం జరిగింది మహాప్రభూ. తమ జన్మదినం కోసం పెంచుతున్న మొక్కల తలలన్నీ వీడు తుంచేశాడు. కాదనమనండి."

"నిజమేనా పైడయ్యా?"

"చిత్తం. ఒక్క తలా మిగల్చలేదు."

మహారాజావారి ముఖం ఎర్రబడింది. అదను చూసి భుజంగరావు అందుకున్నాడు. "మొక్కకు చేసిందే మనిషికీ చేయించాలి. ధర్మం అంటే అదీ."

"బాగుంది. అదే మా తీర్పు" అన్నారు మహారాజావారు.

పైడయ్యకు మెడ దగ్గర చల్లగా తగిలినట్టయింది. వంగి దండం పెట్టాడు.

"మహాప్రసాదం. కానీ మొక్కకి నేను చెయ్యవలసింది ఇంకా చాలా ఉంది ప్రభూ. పూలు కోసేదాకా ఆగి, చేసిందంతా ఒకేసారి నాకూ చేయించండి. అన్నట్టు, ఈ ధర్మం అయ్యగారికీ వర్తిస్తుంది కదా?"

"నిస్సందేహంగా" అన్నాడు భుజంగరావు ఉత్తరీయం సర్దుకుంటూ. "నేను నా మొక్కలను గోటితోనైనా తాకలేదు."

మార్గశిరం వచ్చింది. పైడయ్య మడిలో ఆకు కనబడడం లేదు, అంతా పసుపే. భుజంగరావు మడిలో మొక్కలు నిలువెత్తు పెరిగి, ఒకదాని మీద ఒకటి వాలి, పచ్చగా ఆకులేసుకుని నిలుచున్నాయి. వెదికినా మొగ్గ లేదు.

మహారాజావారు తక్కెడలో కూర్చున్నారు. పైడయ్య పూలగంపలు ఒకటొకటిగా రెండో పళ్ళెంలో పడుతుంటే, ఇరవై మూడో గంపకు ఏలినవారి పాదాలు నేల విడిచాయి.

గాలిలో ఊగుతూనే వారికి తీర్పు గుర్తొచ్చింది.

"పూలు పూయించావు, సంతోషం. కానీ తలలు తుంచానని నువ్వే ఒప్పుకున్నావు పైడయ్యా. తీర్పు తీర్పే."

"చిత్తం. మొక్కకి నేను గిల్లింది కొన మాత్రమే ప్రభూ. మనిషి తలకి కొన అంటే పిలక. ఇదిగో, కత్తిరించండి."

పైడయ్య ముడి విప్పి, పిలక చేత్తో పట్టుకుని ముందుకు వంచాడు.

"ఆ తర్వాత రోజూ నీళ్ళు పోశాను, నాకు రోజూ మజ్జిగ పోయించండి. పక్షానికో గంపెడు ఎరువు వేశాను, నాకు గంపెడు బియ్యం వేయించండి. గాలికి వాలకుండా పక్కన కర్ర పాతాను, నాకూ తమ చేతిలో ఉన్నటువంటి వెండిపొన్ను కర్ర ఇప్పించండి."

మహారాజావారు పెదవి బిగపట్టి నవ్వు ఆపుకున్నారు. "భుజంగరావుగారూ, మీరేం చేశారో కూడా సెలవివ్వండి."

మజ్జిగకూ బియ్యానికీ వరస చూసిన భుజంగరావుకు ఆశ పుట్టింది. "అంతకు నూరురెట్లు చేశాను మహాప్రభూ. నాలుగు నెలలపాటు ప్రతి సాయంత్రం వరుసవరుసకీ దీపాలు పెట్టించి, తెల్లవార్లూ ఆరనివ్వలేదు. మొక్కల మీద నేను స్వయంగా అల్లిన నూటపదహారు పద్యాలు రాత్రంతా ఎలుగెత్తి చదివించాను."

"అదీ సంగతి" అన్నాడు పైడయ్య నెమ్మదిగా. "పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది బాబయ్యా. మీరు దానికి రాత్రే లేకుండా చేశారు."

మహారాజావారి కళ్ళు మెరిశాయి.

"మరి ధర్మం ధర్మమే. ఈ సాయంత్రం నుంచి నాలుగు నెలలు అయ్యగారిని మడిలో నిలబెట్టండి. చుట్టూ దీపాలు ఆరకూడదు. పద్యాలు ఆగకూడదు."

భుజంగరావు గబగబా చేతులు జోడించాడు.

"మహాప్రభూ, దీపాలు ఎలాగో ఓర్చుకుంటాను. ఆ పద్యాలు రాసినవాణ్ణి నేను, వాటి సంగతి నాకు తెలుసు. కోట విడిచి పోవడానికే అనుమతించండి."

సభ పకపకా నవ్వింది. మహారాజావారి నవ్వుకు తక్కెడ ఊగి, పై గంపలోంచి గుప్పెడు చామంతులు ఎగిరి వచ్చి పైడయ్య నెత్తిన పడ్డాయి. ఏలినవారు తమ చేతనున్న వెండిపొన్ను కర్రను పై నుంచే అతనికి అందించారు.

"ముందు నన్ను కిందికి దింపు తోటపెద్దా" అన్నారు.