చేపల పెట్టెకి తెలివొచ్చిన కథ

గోదావరి నడుమ ఒక లంక. వేసవిలో మనుషులొచ్చి దోసపాదులు పెట్టుకుంటారు, తొలకరి పడగానే మూటాముల్లే సర్దుకుని గట్టుకి పోతారు. ఆ తర్వాత లంకంతా జంతువులదే. వరదొచ్చేదాకా దోసతీగల్లో మిగిలిందంతా వాటిదే. వరదొచ్చేలోపు మాత్రం గట్టుకి చేరాలి. ఎప్పుడు చేరాలన్నదే ఏటా వచ్చే చిక్కు.

ఆ చిక్కుకి ముసలి గేదె దగ్గర ఒక లెక్కుండేది. రోజూ తెల్లారగానే రేవులో దిగి నిలబడేది. నీళ్ళు మోకాలి కిందుంటే "మేయండర్రా" అనేది. మోకాలు దాటితే "సర్దుకోండి" అనేది. పొట్టకి తగిలితే మాత్రం ఈతరాని పిల్లాజెల్లా అంతా ఆ పూటే దాని వీపెక్కాలి. రేవులోనే పొట్ట దాటితే పాయ నడుమ గేదె ఈదాల్సిందే. ఈదే గేదె వీపు మీద ఎవరు మిగులుతారు? అందుకే కాకి పొద్దున్నే రేవుకెళ్ళి గేదె మోకాలు చూసి, లంకంతా తిరిగి అరిచి చెప్పేది.

ఆ ఏడు కుందేలుకి నాలుగు పిల్లలు పుట్టాయి. పుట్టి వారమే. దానికి రాత్రీ పగలూ గేదె మోకాలి మీదే ధ్యాస.

సరిగ్గా అప్పుడే నక్కకి రేవు పక్కన ఒక చేపల పెట్టె దొరికింది. జాలర్లు ఐసు వేసుకునే తెల్లటి థర్మోకోల్ పెట్టె. మూత గట్టిది, పక్కన చిన్న కన్నం. తెల్లగా మెరిసిపోతోంది, చేపల వాసన మాత్రం పోలేదు. నక్క అందులో ఒక గోరింకని కూర్చోబెట్టి, రోజూ దోసెడు నేరేడుపళ్ళు ఇస్తానని ఒప్పుకుని, ఒకటే షరతు పెట్టింది.

"అడిగినవాళ్ళు నవ్వుతూ వెళ్ళాలి. మిగతాదంతా నీ ఇష్టం."

మర్నాడు దోసపాదుల దగ్గర సభ.

"ఇది తెలివి పెట్టె! మీకు తెలిసిందంతా దీని చెవిలో వేయండి. ఇక మీద ఎవరికేం కావాలన్నా ఇదే చెబుతుంది. రేవుకెళ్ళక్కర్లేదు, కాళ్ళు తడుపుకోనక్కర్లేదు" అంది నక్క.

"మూత తీసి చూపించు బావా" అంది కుందేలు.

"మూత తీస్తే ఐసు కరిగినట్టు తెలివి కరిగిపోతుందమ్మా. పెద్ద పెద్ద లంకల్లో ఎవరూ మూత తీయమని అడగట్లేదు. మనమే ఇంకా మోకాళ్ళు చూసుకుంటున్నాం."

ఆ మాట లంక ప్రెసిడెంటు పందికి గట్టిగా తగిలింది. పక్క లంక కంటే వెనకబడ్డామంటే ఏ ప్రెసిడెంటు ఊరుకుంటాడు? వెంటనే దిబ్బెక్కి, "సోదరులారా, మన లంక నక్క తోక తొక్కింది!" అని ప్రకటించాడు. నక్క తన తోకని మెల్లిగా పక్కకి లాక్కుంది.

అందరూ వరస కట్టి తెలిసింది చెప్పారు. నీటికుక్క చేపలెక్కడున్నాయో చెప్పింది. పంది కందగడ్డలెక్కడున్నాయో చెప్పాడు, మంచివి రెండు చోట్లు దాచుకుని. గేదె తనవంతుగా, "ఇవాళ నీళ్ళు మోకాలి కిందే" అంది.

వారం దాకా అంతా ఉచితం. వారం దాటాక ప్రశ్నకి ఒక చేపో, ఒక దుంపో పెట్టమంది నక్క. అప్పటికి పెట్టె ముందు కూర్చోకపోతే ఎవరికీ ఏమీ తోచకుండా పోయింది. కుందేలు మాత్రం గొణిగింది.

"గరిక ఎక్కడుందో మొన్న నేను చెప్పిందే కదా ఇది? మళ్ళీ నాకే చెప్పి దుంప తీసుకుంటావా?"

"నువ్వు చెబితే అది కబురు. పెట్టె చెబితే విజ్ఞానం" అంది నక్క.

కాకి రేవుకి వెళ్ళడం మానేసింది. పెట్టె దగ్గరే చేపతలకాయలు దొరుకుతుంటే రెక్కలు నొప్పిచేసుకోవడం ఎందుకు? పెట్టె అన్నది అరవడం, అరిచాక పెట్టెని పొగడడం, అదే దాని ఉద్యోగమైంది. నాకు నక్క మీద పెద్ద కోపం లేదు. నక్క నక్కపనే చేసింది. ఆ కాకిని మాత్రం రెండు తగిలించాలనిపిస్తుంది.

పంది రోజూ వచ్చి అడిగేవాడు. "నా పాలన ఎలా ఉంది?"

"తమరి పాలనలో గోదావరి కూడా అణిగిమణిగి ఉందండీ" అనేది పెట్టె. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. పంది మురిసిపోయి ఇంకో దుంప పెట్టేవాడు.

ఇలా పెట్టె వచ్చి పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున కుందేలు పొద పక్కనుంచి చీమలు బారులు తీరి, నోట గుడ్లు పెట్టుకుని తాడిచెట్టు పైకి పాకుతున్నాయి. కుందేలు ఉన్న ఒక్క దుంపా తీసుకుని పెట్టె దగ్గరికి పరిగెత్తింది.

"చీమలు గుడ్లు మోస్తున్నాయి. నా పిల్లలు పసికందులు. వరద రాదు కదా?"

"రాదమ్మా. నీళ్ళు గేదత్త మోకాలి కిందే ఉన్నాయి. హాయిగా పడుకో."

కుందేలు నవ్వుకుంటూనే వెనక్కి తిరిగింది. దారిలో గేదె పడుకుని నెమరేస్తోంది.

"అత్తా, పొద్దున నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి?"

"ఏమోనే. పెట్టెనడగలేదా?"

"అడిగాను. నీ మోకాలి కిందే అంది. నువ్వు చూశావు కదా?"

"నేను రేవులో దిగి పది రోజులైందమ్మా. పెట్టె చెబుతోంది కదాని."

"మరి పెట్టెకి ఎవరు చెప్పారు?"

గేదె నెమరు ఆపేసింది. "నేనే. పది రోజుల కిందట" అంది.

ఇద్దరూ రేవుకి పరిగెత్తారు. ఎర్రనీరు నురగలు కక్కుతోంది. గేదె దిగింది. నీళ్ళు దాని పొట్టకి తగిలాయి.

"పిల్లల్ని తెచ్చుకో! అందర్నీ పిలువు!" అని గేదె ఒక్క రంకె వేసింది.

పంది అడ్డొచ్చాడు. "ఆగండాగండి. వరద రాదని నిన్ననే ప్రకటించాను. ఇప్పుడొస్తే నా పరువేం కావాలి?"

"పరువుకి ఈత వస్తే వెనకాలే రమ్మనండి" అంది గేదె.

కుందేలు నాలుగు పిల్లల్నీ ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి గేదె వీపు మీద పెట్టింది. తనూ, ఈతరాని మిగతావాళ్ళూ ఎక్కారు. గేదె అడుగులో అడుగు వేస్తూ పాయ దాటింది. పాయ మధ్యలో నీళ్ళు వీపు అంచు తాకాయి, అంతే. వెనకే ఈతొచ్చినవాళ్ళంతా దూకారు. అందరికంటే ఆఖర్న పంది ఈదుతూ, "వరద ఏర్పాట్లు పరిశీలిస్తున్నాను" అని కాకికి చెప్పాడు. కాకి అదీ అరిచింది.

లంకలో నక్క ఒక్కటే మిగిలింది. అందరూ వదిలేసిన చేపలూ దుంపలూ చూస్తే దానికి కాళ్ళు కదల్లేదు. అయినా లోపల ఎక్కడో పీకుతూనే ఉంది. పెట్టె దగ్గరికొచ్చింది. అందులో ఉన్నది గోరింకేనని దానికి తెలుసు, షరతు పెట్టింది తనేననీ తెలుసు. కానీ పది రోజులుగా లంకంతా మెచ్చుకున్న పెట్టె అది.

"పిచ్చివాళ్ళు అనవసరంగా పారిపోయారు. వరదేం రాదు కదూ?"

"రాదు దొరా. మోకాలి కిందే."

"అదీ మాట!" అని నక్క చేపల ముందు చతికిలబడింది.

మూడో చేప తింటుండగా తోక తడిసింది. అయిదో చేపకి నడుము మునిగింది.

"ఏమే! రాదన్నావు కదే!"

"తమరడిగిన తీరులోనే జవాబుంది దొరా. నేను పెట్టెలో కూర్చున్నదాన్ని, నాకు నీళ్ళెలా కనిపిస్తాయి? పది రోజులుగా అందరూ అడగడానికే వచ్చారు, చూసొచ్చి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు."

నక్క లేచి పెట్టె మీదికి ఎక్కబోయింది. ఆ పెనుగులాటలో మూత ఊడింది. గోరింక రివ్వున ఎగిరిపోయింది. ఖాళీ పెట్టె నక్కతో సహా నీళ్ళమీద తేలి, సముద్రం వైపు సాగింది.

గట్టు మీద అందరూ నిలబడి చూస్తున్నారు. కుందేలు పిల్లలు గేదె వీపు దిగనే లేదు.

"గోరింకా, గట్టు దగ్గరేనా?" అని నక్క పెట్టెని కావలించుకుని అరిచింది.

"దగ్గరే దొరా, దగ్గరే!" అంది గోరింక పైనుంచి.

ఆ మాటకి నక్కకి నిజంగానే కాస్త ధైర్యమొచ్చింది.

నీళ్ళు చూసొచ్చేవాడు లేని ఊళ్ళో, జవాబు ఎంత తియ్యగా ఉన్నా అది పాత మోకాలి మాటే.