పెరటి తలుపు తీసిన వేళ

తొమ్మిది వేల రూపాయల డబ్బూ, అంతకు నాలుగింతల తొందరా పెట్టుబడిగా పెట్టి, ఉద్దానంలోని జీడితోటల నడుమ లోకనాథం అనే కుర్రాడు తేనెటీగలు పెంచుతుండేవాడు.

అతనికి లెక్కలంటే ప్రాణం. తోటలో పూత చూసి, ఆ ఏడు తేనె ఎంత దిగుతుందో ముందే చెప్పేవాడు. చెప్పినంత దిగేది కూడా. దాంతో అంకె ఒకటి చెవిన పడితే చాలు, మిగతా మాట వినకుండా లేచిపోయేవాడు.

"సగం మాట వినే మనిషివిరా నువ్వు. ఆ రెండో సగంలో ఏటుందో ఎప్పుడైనా విన్నావా?" అని అక్క ఢిల్లేశ్వరి దెప్పేది. ఆ ప్రాంతపు అలవాటు ప్రకారం అతను ఆమెను అప్పా అని పిలిచేవాడు. బావ చెన్నైలో తాపీపని చేసేవాడు. ఇంట్లో అక్క, ఆమె ఆరేళ్ల కూతురు తులసి, లోకనాథం, ఈ ముగ్గురే ఉండేవారు.

ఒక అక్టోబరులో పెద్ద తుఫాను బయలుదేరింది. పాకల్లో ఉండేవాళ్లను బడికి తరలించారు. గట్టి డాబాలు ఉన్నవాళ్లు తలుపులు బిడాయించుకుని ఇంట్లోనే ఉండాలని ఊరంతా మైకులో చెప్పారు. లోకనాథం వాళ్లది గట్టి డాబాయే. ఢిల్లేశ్వరి బిందెల నిండా నీళ్లు పట్టింది. అటుకులు, బెల్లం, టార్చిలైటు మంచం మీద పెట్టింది.

"ఆ తేనెపెట్టెలు కూడా లోపల పెట్టరా," అంది.

"అవి లోపలుంటే మనం ఎక్కడ పడుకుంటాం? ఈగల పక్కనా?" అని లోకనాథం నవ్వాడు. "గాలి ఉత్తరం నుంచి వస్తుందట. పెట్టెల్ని దక్షిణపు గోడ వారన పెడతాను. ఇల్లే వాటికి గొడుగు."

పెట్టెలన్నీ పెరటివైపు గోడకు ఆనించి, కొబ్బరితాడుతో బిగించి వచ్చాడు. అప్పటికి రేడియోలో వార్తలు మొదలయ్యాయి. తుఫాను ఎంత దూరంలో ఉందో, గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోందో చెప్పారు. ఆ రెండు అంకెలూ చిక్కగానే అతను రేడియో కట్టేశాడు.

"అయ్యో, ఇంకా ఏదో చెబుతున్నాడు కదరా!"

"చెప్పింది చాలప్పా. బ్యాటరీ దండగ. దూరాన్ని వేగంతో భాగిస్తే లెక్క తేలిపోయింది. సాయంత్రం నాలుగింటికల్లా తుఫాను మన నెత్తి మీంచి పోతుంది. చూస్తుండు."

మధ్యాహ్నం గాలి వచ్చింది. ఎవరో బలమైన మనిషి భుజంతో గెంటుతున్నట్టు ఉత్తరపు తలుపు అదిరింది. డాబా మీద కొబ్బరికాయలు దబదబా పడ్డాయి. తోటలో కొమ్మలు విరిగే చప్పుడు ఆగకుండా వినిపించింది. తులసి తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది.

నాలుగు గంటలకు గాలి ఆగిపోయింది. మెల్లగా తగ్గి ఆగడం కాదు. ఏడ్చి ఏడ్చి పసిపిల్ల ఒక్కసారిగా నిద్రలోకి జారుకున్నట్టు ఆగింది. కిటికీ సందుల్లోంచి లేత పసుపు వెలుగు గదిలోకి వచ్చి, బిందెల్లోని నీళ్ల మీద కదలకుండా నిలబడింది.

"అప్పా! తప్పిందా నా లెక్క?" అని లోకనాథం గంతేశాడు.

"ముందు రేడియో పెట్టరా."

"ఎండ వచ్చిందని కూడా రేడియోయే చెప్పాలా?"

ఢిల్లేశ్వరి తులసిని ఒళ్లోంచి దించి, ఉత్తరపు తలుపు కింద చేరిన వాననీళ్లు తుడవబోయింది. తమ్ముడు చెప్పిన వేళకే గాలి ఆగింది మరి. అతను గడియ లాగి పెరటి తలుపు తీశాడు.

బయట లోకం కల కంటున్నట్టుంది. నెత్తి మీద ఆకాశం గుండ్రంగా, నీలంగా తెరుచుకుని ఉంది. దాని చుట్టూ తెల్లని మబ్బులు ఎత్తైన గోడలా నిలిచాయి. ఆకు కదలడం లేదు. విరిగిన జీడికొమ్మల పచ్చివాసన మత్తుగా పరుచుకుంది. నేల మీద ఎక్కడెక్కడివో సముద్రపు పక్షులు, తెల్లగా, అలసిపోయి, మనుషులను చూసి కూడా ఎగరకుండా కూర్చున్నాయి. నీటిబొట్టు ఆకు నుంచి ఆకు మీదికి రాలితే ఆ చప్పుడు కూడా వినిపించింది.

లోకనాథం మోకాళ్ల మీద కూర్చుని పెట్టెకు చెవి ఆనించాడు. లోపల ఈగలు సన్నగా రొద చేస్తున్నాయి. అతని మనసు ఆ రొదలో తేలిపోయింది. వచ్చే పూతకు ఇన్ని పెట్టెలు, ఆ పై పూతకు అన్ని పెట్టెలు అనుకుంటూ, ఇల్లూ వాకిలీ మరిచిపోయి అలాగే ఉండిపోయాడు.

"మామా, ఈ పిట్ట నన్ను ముట్టుకోనిస్తోంది!" అన్న మాట దూరం నుంచి వినిపించింది.

తలెత్తి చూశాడు. తులసి ఎప్పుడు గుమ్మం దాటిందో, తోటలో చాలా లోపలికి వెళ్లిపోయింది. తెల్లని పిట్ట ముందు గొంతుకూర్చుని ఉంది.

అంతలో దక్షిణం వైపు నుంచి ఒక హోరు బయలుదేరింది. పక్షులన్నీ ఒకేసారి నేలకు అతుక్కుపోయాయి. చూస్తుండగానే నీలం ఆకాశం ఒక పక్క నుంచి మూసుకుపోయింది.

"తులసీ! చెట్టు పట్టుకో! వదలకు!" అని అరుస్తూ అతను పరుగెత్తాడు. సగం దూరం వెళ్లేలోపే గాలి అతన్ని బోర్లా పడేసింది. పాకుతూ వెళ్లి, జీడిమాను మొదలును కావలించుకున్న పిల్లను పొట్ట కిందికి లాక్కున్నాడు. మళ్లీ ఒక మాను నుంచి ఇంకో మానుకు పాకుతూ ఇంటివైపు మళ్లాడు. కొమ్మలు వీపు మీద కొరడాల్లా పడుతున్నాయి.

ఇంటి దగ్గర గాలి తిన్నగా పెరటి తలుపులోకే దూరుతోంది. తలుపు మూస్తే ఢిల్లేశ్వరి లోపల క్షేమంగా ఉంటుంది. కానీ పిల్ల బయట ఉంది. ఆమె తలుపు వెనక భుజం ఆనించి, ద్వారబంధం మీద చెయ్యి వేసి, మనిషి పట్టేంత సందు మాత్రం వదిలి నిలబడింది.

"ఇటురా! ఇటు! నా గొంతు వినిపించినవైపు రా!" అని అరుస్తూనే ఉంది.

లోకనాథం పిల్లను సందులోంచి లోపలికి తోసి, తానూ దొర్లి పడ్డాడు. ఆ క్షణంలోనే గాలి దిశ కాస్త మారి తలుపును లాగి కొట్టింది. ద్వారబంధం మీద ఉన్న ఢిల్లేశ్వరి చెయ్యి దాని కింద నలిగింది. ముంజేయి విరిగిపోయింది.

అతను గడియ వేసి, రుబ్బురోలు తెచ్చి తలుపుకు అడ్డం దొర్లించాడు. గరిటె కాడ ఆసరాగా పెట్టి, పాత చీర చించి అక్క చేతికి కట్టు కట్టాడు. బయట తేనెపెట్టెలు తాడు తెంపుకుని ఒక్కొక్కటే గోడకు కొట్టుకుని పగిలే చప్పుడు వచ్చింది. ఎన్ని పోయాయో అతను లెక్కపెట్టలేదు.

రేడియో పెట్టాడు. ఇందాక అతను వినకుండా కట్టేసిన మాటే మళ్లీ చెబుతున్నారు. తుఫాను గుండ్రంగా తిరుగుతూ వస్తుందట. దాని నడిమధ్య గాలి ఉండదట. దాన్నే కన్ను అంటారట. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుందట. కాబట్టి గాలి ఆగినా ఎవరూ బయటికి రాకూడదట.

"తప్పయిపోయిందప్పా. నేను లెక్క కట్టింది దాని నడిమధ్య వచ్చే వేళ. అది ముగిసే వేళ అనుకున్నాను," అన్నాడు లోకనాథం. అక్క కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

"పిల్ల దక్కింది కదరా. ఏడవకు. ఆ గోలకు నా చెయ్యి ఇంకా లాగుతోంది," అంది ఢిల్లేశ్వరి, పళ్ల బిగువున.

రాత్రంతా గాలి కొట్టింది. తెల్లవారేసరికి మళ్లీ నిశ్శబ్దం వచ్చింది. సందుల్లోంచి మళ్లీ లేత వెలుగు పడింది. అక్క చెయ్యి వాచి నల్లబడింది. ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోకనాథం లేచి గడియ మీద చెయ్యి వేశాడు.

"మామా, ఇది కూడా కన్నేనా?" అని అడిగింది తులసి.

అతని చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చి రేడియో ముందు కూర్చున్నాడు. అంకెలు వచ్చాయి, విన్నాడు. అంకెల తర్వాత మాటలు వచ్చాయి, అవీ విన్నాడు. తుఫాను పూర్తిగా దాటిపోయిందనీ, ఇక బయటికి రావచ్చనీ చెప్పారు. అయినా అతను లేవలేదు.

"ఏటిరా, ఇంకా వింటున్నావా? దాటిపోయిందన్నాడు కదా!" అంది ఢిల్లేశ్వరి.

"ఇంకా ఏదో చెబుతున్నాడప్పా."

తెగిపడిన కరెంటు తీగలను తాకవద్దని, నీళ్లలో చూసి అడుగు వేయమని రేడియో చెప్పింది. చివరి మాట అయ్యాక లోకనాథం ఒక పొడుగాటి కర్ర చేతిలోకి తీసుకున్నాడు. తులసిని భుజానికెత్తుకున్నాడు. అక్కను తన వెనకే అడుగు వేయమని చెప్పి, ఆసుపత్రి దారి పట్టడానికి వీధి తలుపు గడియ తీశాడు.

గాలి ఆగినంత మాత్రాన తుఫాను పోయినట్టు కాదు; పోయిందన్న కబురు పూర్తిగా వినేదాకా ఇల్లు కదలనివాడే తననూ, తనవాళ్లనూ కాపాడుకుంటాడు.