బదులు కొండ: దువాన్ సేనాపతి మంటకు జవాబు వచ్చిన కథ

చైనా దేశపు ఉత్తరపు అంచున, షీయెన్ కనుమకు అటూ ఇటూ రెండు కొండలు ఉన్నాయి. లోయకు అవతల ఉన్నది కోట కొండ, ఇవతల ఉన్నది బదులు కొండ. కోట కొండ మీద ఇప్పుడు కోట లేదు. కూలిన మట్టిగోడ, పెద్ద గడియ వేసిన ఒక ద్వారం, దాని పక్కన చిన్న గుడి మాత్రం మిగిలాయి. గుడిలో దువాన్ జింగ్ సేనాపతి విగ్రహం ఉంది. చేతిలో కత్తి లేదు, ముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది. బస్సు దిగిన యాత్రికులు చాలామంది ఆయనకు దండం పెట్టుకుని, ఫోటోలు తీసుకుని, వచ్చిన దారినే పోతుంటారు. ఇంత దూరం వచ్చి అలా పోవడం ఏం యాత్ర! బదులు కొండ ఎక్కితేనే ఈ క్షేత్ర దర్శనం పూర్తయినట్టు. మెట్లు నాలుగు వందలు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆగి ఆగి ఎక్కవచ్చు, ఎవరూ తరమరు.

పూర్వం ఇక్కడ, చక్రవర్తుల ఏలుబడిలో, సరిహద్దు పొడవునా కొండకొక కావలి బురుజు ఉండేది. రోజూ పొద్దు వాలగానే చివరి కోటలో ఒక మంట వేసేవారు. ఒక్క మంట అంటే అక్కడంతా క్షేమమని అర్థం. అది చూసి పక్క కొండవాడు తానూ ఒక మంట వేస్తాడు. అలా కొండ నుంచి కొండకు ఆ కబురు రాజధాని దాకా పోయేది. తన మంటకు పక్క కొండ మీద బదులు మంట కనిపించాకే ఏ కావలివాడైనా అన్నానికి లేచేవాడు. మూడు మంటలు వేస్తే మాత్రం శత్రువు వచ్చిపడ్డాడని అర్థం.

బదులు కొండకు అప్పట్లో ఆ పేరు లేదు. దాని మీద కావలివాడు గావ్ లియెన్. భార్య పోయింది, పిల్లలు లేరు. నోట్లో నాలుక లేని మనిషి. నెలకొకసారి ఒకడు గాడిద మీద కొర్రలు తెచ్చి, దించేసి, మాటైనా మాట్లాడకుండా పోయేవాడు. ఒకసారి కోట నుంచి దువాన్ సేనాపతి తనిఖీకి వచ్చాడు. గావ్ కాచిన అంబలే తాగి, పిడకల గుట్ట దగ్గర ఆగి, ఒక పిడక విరిచి చూశాడు.

"ఏమయ్యా గావ్, ఇది పచ్చిగా ఉంది కదా! పచ్చి పిడకల పొగ నేల మీద పాకుతుంది. నేను క్షేమమని చెప్పిన మాట నీ దగ్గరే ఆగిపోతుంది."

"పొరపాటైంది దొరా. వానకు తడిశాయి."

"తడిస్తే ఎండబెట్టు. రాజధానిలో చక్రవర్తి కంటి నిండా నిద్రపోవాలంటే నీ పిడకలు ఆరాలి, తెలిసిందా?"

ఆ తిట్టు గావ్‌కు ఎంత బాగుందో! ఆ కొండ మీద అతణ్ణి పేరు పెట్టి పిలిచిన మనిషి ఆయనొక్కడే.

మరుసటి ఏడు రాజధాని నుంచి సేనాపతికి ఆజ్ఞ వచ్చింది. సరిహద్దు గోడ అవతలి గడ్డినేలల గుర్రపు దండుతో సంధి కుదిరిందట. ఆ దండుకు భయపడి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గోడ లోపలికి వచ్చిన మూడు వందల కాపరుల కుటుంబాలు ఉన్నాయి. ద్వారం తెరిచి వాళ్లను ఆ దండుకే అప్పగించాలట! సేనాపతి ఆ పత్రాన్ని కళ్లకద్దుకున్నాడు, మడిచి పెట్టెలో దాచాడు, వెళ్లి ద్వారానికి గడియ వేశాడు. ఇంకేముంది, రాజద్రోహి అని చాటింపు వేశారు. జీతాలు, గింజలు నిలిపేశారు. ఉపసేనానులు ఆయన చుట్టూ చేరి, రాజునని తమరే ప్రకటించుకోండి, మేమున్నామని పట్టుబట్టారు.

"నేను కాదన్నది ఒక్క ఆజ్ఞను. నా చక్రవర్తిని కాదు. మళ్లీ ఆ మాట ఎత్తారంటే ఊరుకోను" అన్నాడాయన. ఇళ్లకు పోవాలనుకున్నవారిని పొమ్మన్నాడు. ఏడాదికి కొందరు చొప్పున పోగా పోగా, రెండు వేల మందిలో పందొమ్మిది మంది మిగిలారు.

గావ్‌కు కూడా ఒక ఆజ్ఞ వచ్చింది. క్షేమపు మంట ఇకమీద అతని వెనక కొండ నుంచి మొదలవుతుంది. శత్రువు కంటబడితే మూడు మంటలు వేయడం వరకే అతని పని. ద్రోహి మంటకు బదులిచ్చాడో, తల తీసేస్తారు.

ఆ సాయంత్రం కోట కొండ మీద ఎప్పటిలాగే ఒక్క మంట లేచింది. ద్రోహి అన్నవారికే ఆయన క్షేమ సమాచారం పంపుతున్నాడు! గావ్ చెకుముకిరాయి చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. ఆ మరునాడూ అంతే. వానల్లో, మంచులో, ఎండల్లో పదకొండేళ్లు ఆ మంట ఒక్క పూట తప్పలేదు. గావ్ పిడకలు ఎండబెట్టి, పేర్చి పెట్టుకుని, తన చేతులను తానే నమ్మలేక తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడు. పిరికివాడని మనం ఇక్కడ కూర్చుని అనేయవచ్చు. అతనికున్నదీ ఒక్క తలే కదా!

పన్నెండో ఏట, ఆకులు రాలే కాలంలో ఒకనాడు మధ్యాహ్నం కోట కొండ అవతల పెద్ద దుమ్ము లేచింది. సాయంత్రానికి దుమ్ము అణిగింది, పొద్దు వాలింది, కోట కొండ మీద మంట మాత్రం లేవలేదు. గావ్ కాలు కాలిన పిల్లిలా బురుజు మీద తిరిగాడు. శత్రువు అతని కంటికి కనిపించలేదు. కంటబడకుండా మూడు మంటలు వేస్తే తల పోతుంది. ద్రోహి మంట రాలేదు కనుక వేశానన్నా తల పోతుంది.

"ఆయన బతికుంటే మంట మానడు" అని పైకే అనుకుని, మూడు గుట్టలూ అంటించాడు.

మూడో రోజుకు సైన్యం వచ్చింది. దాన్ని చూసి గుర్రపు దండు వెనక్కి మళ్లింది. ద్వారం తెరుచుకోలేదు. కాపరుల కుటుంబాలు లోపలి గుహల్లో క్షేమంగా ఉన్నాయి. పద్దెనిమిది మంది సైనికులు చచ్చిపడి ఉన్నారు, తావ్ అనేవాడొక్కడు ఊపిరితో ఉన్నాడు. సేనాపతి గడియకు వీపు ఆనించి కూర్చుని, అలాగే ప్రాణం విడిచి ఉన్నాడు.

వచ్చిన సైన్యపు దండనాయకుడు గావ్‌ను ద్వారం దగ్గరకే పిలిపించాడు.

"శత్రువును కళ్లారా చూశావా?"

"లేదు దొరా. ఈ కొండ మీద మంట రాలేదు. అందుకే వేశాను."

"అంటే ఇన్నేళ్లూ ద్రోహి మంటను నమ్ముతూ వచ్చావన్నమాట!"

"బదులివ్వొద్దన్నారు, ఇవ్వలేదు. చూడొద్దని ఎవరూ అనలేదు దొరా."

దండనాయకుడు గడియ వైపు చూశాడు. గుర్రం దిగి, శిరస్త్రాణం తీసేశాడు. అంతా వివరంగా రాజధానికి రాసి పంపాడు. అక్కడి నుంచి జవాబు రావడానికి రెండేళ్లు పట్టింది. ద్రోహి అనడానికి ఒక్క పూట పట్టింది, కాదనడానికి రెండేళ్లు!

ఈలోగా తావ్ గాయాలకు కట్లు కడుతూ గావ్ కోటలో కొన్నాళ్లు ఉన్నాడు. ఒకనాడు తావ్ చెప్పాడు.

"రోజూ మంట ఆయనే వేసేవాడు అన్నా. వేసి ఆ కొండ వైపే చూస్తూ నిలబడేవాడు. 'అటు మంచు పట్టినట్టుంది తావ్, రేపు చూద్దాం' అనేవాడు. మండు వేసవిలో కూడా మంచే అనేవాడు!"

గావ్ ఆ రాత్రే తన కొండకు తిరిగి వచ్చేశాడు. మరునాడు మధ్యాహ్నం తన బురుజులో కునుకు తీస్తుంటే సేనాపతి కలలోకి వచ్చాడు. లోయ అంచున నిలబడి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. కోపం లేదు, ఉత్త ప్రశ్న. గావ్ జవాబు చెప్పబోయాడు, నోరు పెగల్లేదు. ఏడుస్తూ లేచాడు.

కోటకు పరుగున పోయి, "తమ్ముడూ, ఈ సాయంత్రం మంట నువ్వు వెయ్యి" అని తావ్‌ను బతిమాలి వచ్చాడు. బదులిస్తే తల తీస్తామన్న ఆజ్ఞ ఇంకా అలాగే ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాడు. పొద్దు వాలింది. అవతల మంట లేచింది. ఇవతల గావ్ లియెన్ పదకొండేళ్లుగా వేయని మంట వేశాడు. వేసి, లోయ అంచుకు వచ్చి గొంతు చించుకుని అరిచాడు.

"ఉన్నాను దొరా! రోజూ ఉన్నాను! రోజూ చూశాను!"

నాటి నుంచి ఇది బదులు కొండ అయింది. తల తీయడానికి ఎవరూ రాలేదు. రెండేళ్లకు, ఆయన ద్రోహి కాదన్న పత్రం వస్తే తావ్ దాన్ని సేనాపతి సమాధి ముందు చదివాడు. గావ్ మాత్రం సాయంత్రపు మంటకు వేళవుతోందని కొండ దిగి రాలేదు.

నేటికీ కోట కొండ మీద మంట వేసేది ఆ మూడు వందల కుటుంబాల వారసులే. బదులు కొండ మీద యాత్రికులు బదులు మంట వేసి, లోయ వైపు తిరిగి "ఉన్నాం" అని ఒక్క గొంతుతో కేక వేస్తారు. చేయని తప్పుకు నింద మోస్తున్నవారికి, దూరాన ఉన్నవారి కబురు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నవారికి ఈ కేకతో మనసు కుదుటపడుతుందని నమ్మకం. పూలు, సుగంధాలు ఇక్కడ అక్కర్లేదు. బాగా ఎండిన పిడక ఒకటి తెచ్చుకుంటే చాలు. ఎంతమంది ఉన్నా మంట అంటించే వంతు ఒంటరిగా వచ్చినవారిదే. అలాంటివారు ముందుకు రావడానికి మొహమాటపడితే, వెనకనున్నవారు భుజం మీద చేయి వేసి ముందుకు తీసుకువెళ్లాలని ఇక్కడి ఆచారం.