సింహంగారి ఏడు దిండ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక సింహం. ఆ సింహానికి ఏడు దిండ్లు. తల కింద రెండు, నడుం కింద రెండు, కాళ్ళ కింద రెండు. ఏడోది ఎందుకో ఎవరికీ తెలీదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. ఆ దిండ్లన్నీ మోసేది మాత్రం బూడిదయ్య అనే గాడిద. నిజానికి మన కథ బూడిదయ్యదేనర్రా. సింహం గురించి ముందు చెప్పకపోతే అది ఊరుకోదని ముందు చెప్పానంతే.

ఒకరోజు మంత్రి నెమలి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ప్రభూ, కొంప మునిగింది. ఉత్తరాన మంచుకొండలు ఉన్నాయి కదా, వాటి అవతల ఎలుగుబంటి ఉందట. అది ఆ కొండలెక్కి మన మీదికి దిగుతుందని కాకులు చెప్పుకుంటున్నాయి" అంది.

"ఎలుగుబంటిని చూసిందెవరు?" అని అడిగింది సింహం.

"ఎవరూ చూడలేదు ప్రభూ. అందుకే కదా భయం" అంది నెమలి.

సింహానికి అది చాలా తెలివైన మాటలా తోచింది. ఎలుగుబంటి రాకముందే తను వెళ్ళి ఆ కొండల్ని పట్టేసుకుంటే సరి అనుకుంది. ఇంకేం, తోడేళ్ళు, అడవిదున్నలు, ఒంటెలు అన్నీ బయల్దేరాయి. తిండి కన్నా సామాను ఎక్కువ. నెమలి అద్దం మోయడానికే రెండు ఒంటెలు కావలసి వచ్చాయి.

బూడిదయ్యకి వెళ్ళాలని లేదు. ఇంట్లో పెళ్ళాం నిండు చూలాలు.

"చలి ముదిరేలోపు వచ్చేస్తావా?" అని అడిగిందామె.

"మన పిల్ల మొదటిసారి ఓండ్రపెట్టే రోజుకి నీ పక్కనే ఉంటాను" అని మాటిచ్చాడు బూడిదయ్య. మాటిచ్చి, దిండ్లు వీపుకెత్తుకున్నాడు.

నడవగా నడవగా మంచుకొండలు వచ్చాయి. రెండు కొండల మధ్య సన్నటి కనుమ ఉంది. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా అదొక్కటే దారి. ఆ కనుమ దగ్గర ఒక ముసలి కొండమేక నిలబడి నెమరేస్తోంది. మెలితిరిగిన కొమ్ములు, నేలని తాకే గడ్డం. కొండల్లో అందరూ ఆమెని కొమ్ములవ్వ అంటారు.

"ఆగండి నాయనా" అంది కొమ్ములవ్వ. "మా కొండల్లో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళని ఒకే ఒక్క మాట అడుగుతాం. చుట్టంగా వచ్చారా, దొరగా వచ్చారా?"

"చుట్టమైతే ఏం చేస్తారు?" అంది నెమలి.

"మూడు రోజులు కడుపు నిండా పెట్టి, నాలుగో రోజు దగ్గరుండి కనుమ దాటిస్తాం. చుట్టం ఒంటి మీద ఈగ వాలనివ్వం."

"మరి దొర అయితే?"

"దొర అయితే ఇల్లు ఆయనదే అయిపోయింది కదా. సొంతింట్లో ఆయనకి మేము దారి చూపించడం ఏం మర్యాద నాయనా?"

నెమలి మురిసిపోయింది. "ఎంత వినయమో చూశారా ప్రభూ" అంది.

"దొరగానే వచ్చాను" అంది సింహం. దాని ముఖం ఒకసారి చూసి, "దొరవాళ్ళం, దొరవాళ్ళం" అంటూ సైన్యమంతా లోపలికి నడిచింది.

అందరి వెనకా రొప్పుతూ బూడిదయ్య వచ్చాడు. దిండ్ల కింద చెవులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"నువ్వేంటయ్యా, చుట్టానివా, దొరవా?" అంది కొమ్ములవ్వ.

"దొర ఎవడైనా దిండ్లు మోస్తాడా అవ్వా? దాహంతో నోరు ఎండిపోతోంది. చుట్టాన్నే అనుకుని కాసిన్ని నీళ్ళిప్పించు" అన్నాడు బూడిదయ్య.

కొమ్ములవ్వ ఊట దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు తాగించింది. ఉప్పురాయి నాకించింది. నాలుగు ఎండిన కంబళిపళ్ళు కూడా పెట్టింది. బూడిదయ్యకి ప్రాణం లేచొచ్చింది.

సింహం అన్నిటికన్నా ఎత్తయిన బండ ఎక్కింది. "ఈ కొండ నాది" అని గర్జించింది.

"నాది... నాది..." అంది ఎదురుగా ఉన్న కొండ.

సింహం ఉలిక్కిపడింది. "ఎవడ్రా అది?" అని అరిచింది. ఎదురు కొండ కూడా అదే మాట అడిగింది. ఇక చూసుకోండి, మూడు రోజులు సింహం ఆ కొండతో పోట్లాడింది. గొంతు బొంగురుపోయింది గానీ చివరి మాట మాత్రం ఎప్పుడూ కొండదే. మేకలన్నీ వరసగా కూర్చుని, నెమరేస్తూ ఆ వినోదం చూశాయి. నెమలి మాత్రం కాకిని పిలిచి, "కొండలు లొంగిపోయాయని అడవిలో చెప్పు" అని పంపింది.

నాలుగో రోజు కొమ్ములవ్వ వచ్చింది. "మూడు రోజులు అయిపోయాయి నాయనా. ఇప్పటికైనా చుట్టాన్నని ఒక్క మాట అను. దగ్గరుండి సాగనంపుతాను" అంది.

"దొరని అని చెప్పానా లేదా? నేను ఎలుగుబంటి కోసం కాపలా కాస్తున్నాను" అంది సింహం.

"ఎలుగుబంటా? చలికాలమంతా అది గుహలో గుర్రుపెట్టి నిద్రపోతుంది. ఈ చలిలో పని లేకుండా ఇక్కడికి ఎవరొస్తారు నాయనా, మతి పోతే తప్ప?" అంది కొమ్ములవ్వ. అనేశాక సైన్యం వంక ఒకసారి చూసి, మర్యాదగా నోరు మూసుకుంది.

చలి ముదిరింది. మేకలు పైకి, ఇంకా పైకి వెళ్ళిపోయాయి. కింద గడ్డిపోచ లేదు, వేటాడదామంటే కుందేలు లేదు. రోజూ సింహం నిద్రపోయే వేళకి పైనుంచి ఒక గులకరాయి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా దాని ముక్కు మీద పడేది. ఎవరు తన్నారో తెలిసేది కాదు. నెమలి ఈకలు ఒక్కొక్కటే రాలిపోయాయి. అయినా అది కాకితో, "అంతా క్షేమం" అనే చెప్పి పంపేది. బూడిదయ్య రోజులు లెక్కపెట్టుకుంటూ దిగులుతో సగమైపోయాడు. ఈపాటికి పిల్ల పుట్టే ఉంటుంది.

చివరికి ఆకలి తట్టుకోలేక సింహం వెనక్కి బయల్దేరింది. దిండ్లు మళ్ళీ బూడిదయ్య వీపు మీదికే ఎక్కాయి. కానీ దారి ఏదీ? ఎటు చూసినా మోకాలి లోతు మంచే. కనుమ కుడికో ఎడమకో ఎవరికీ తెలియలేదు. సింహం విసుగొచ్చి ఆరు దిండ్లు దింపించి, మంచులో పరిపించి, వాటి మీద కూర్చుంది. ఏడోది బూడిదయ్య వీపు మీదే ఉండిపోయింది.

అప్పుడు కొమ్ములవ్వ గట్టు మీదినుంచి తొంగిచూసింది. "ఆఖరిసారి అడుగుతున్నాను నాయనా. చుట్టానివా, దొరవా? కాస్త మెల్లగా చెప్పు. ఇది మంచు జారే కాలం" అంది.

బూడిదయ్య సింహం కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, మీకు దణ్ణం పెడతాను. చుట్టాన్నని ఒక్క మాటనండి. ఇంటికెళ్ళి మన పిల్లల్ని మనం కళ్ళారా చూసుకుంటాం" అన్నాడు.

"గాడిదా, దొరలు మెల్లగా మాట్లాడరు. దారీ అడగరు" అంది సింహం.

కొమ్ములవ్వ నిట్టూర్చింది. "చుట్టం మాత్రం ఇటు రావయ్యా" అని బూడిదయ్యని పిలిచింది.

"నా మూడు రోజులూ ఎప్పుడో అయిపోయాయి కదా అవ్వా?" అన్నాడు బూడిదయ్య.

"నువ్వు ఉండలేదు, నిన్ను ఉంచారు. అది లెక్కలోకి రాదులే" అందామె.

ఇద్దరూ ఒక బండ మలుపు తిరిగారో లేదో, వెనక సింహం లేచి నిలబడింది. ఉన్న బలమంతా కూడగట్టుకుని, "నేను దొరని" అని గర్జించింది.

ఈసారి కొండ మాటతో బదులు చెప్పలేదు. పైనున్న మంచంతా ఒక్కసారిగా కిందికి జారింది. సింహమూ, సైన్యమూ, ఆరు దిండ్లూ దాని కింద కూరుకుపోయాయి.

బూడిదయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. సింహం కోసం కాదు, తనతో ఒకే తొట్టిలో నీళ్ళు తాగిన ఒంటెల కోసం. చుట్టమనే మాట వాటికీ వచ్చు. దొరగారి ముఖం చూసి నోరు విప్పలేదు, పాపం. కొమ్ములవ్వ అతన్ని కనుమ దాటించి, వెళ్ళిరమ్మంది.

అంత సైన్యంలో అడవికి తిరిగొచ్చింది బూడిదయ్య ఒక్కడే. కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, పెళ్ళాం పక్కన నిలబడ్డ చిన్న గాడిదపిల్ల కొత్త మనిషిని చూసినట్టు బెదిరి, గొంతెత్తి ఓండ్రపెట్టింది.

"ఇదే మొదటిసారి" అంది పెళ్ళాం, కళ్ళు తుడుచుకుంటూ.

కబురు తెలిసి పక్క అడవినుంచి సింహం తమ్ముడు తన సైన్యంతో వచ్చాడు. సంగతంతా విని గంభీరంగా తల ఊపాడు.

"మా అన్న ఎక్కడ పొరపాటు చేశాడో అర్థమైంది. ఏడు దిండ్లు సరిపోలేదు. నేను పద్నాలుగు తీసుకెళ్తాను. దారి తెలిసినవాడివి నువ్వొక్కడివే బూడిదయ్యా, పద" అన్నాడు.

"తెలుసు ప్రభూ. తెలుసు కాబట్టే రాను" అన్నాడు బూడిదయ్య.

అని ఊరుకోలేదు. దారికి అడ్డంగా, నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకున్నాడు. తోడేళ్ళు లాగాయి, దున్నలు నెట్టాయి, సింహం తమ్ముడు గర్జించాడు. గాడిద లేవదలచుకోకపోతే ఎవరు లేపగలరు? పెళ్ళాం మెల్లగా వచ్చి, అతను మోసుకొచ్చిన దిండుని అతని తల కిందే పెట్టింది. ఏడో దిండు ఎందుకో అందరికీ అప్పుడు తెలిసింది.

నీతి: పరాయి ఇంటికి చుట్టంగా వెళ్ళినవాడు దారి అడిగి క్షేమంగా తిరిగొస్తాడు, దొరగా వెళ్ళినవాడికి దారి అడగడానికి నోరు రాదు.