ఎంగిలి పూతరేకు

"అమ్మమ్మా, నాకు పెట్టే పూతరేకు ముందు నువ్వు కొరుకుతావేం? ఛీ, ఎంగిలి!" అన్నావు కదూ పొద్దున? మీ అమ్మ నవ్వింది. ఇలా రా, దుప్పటి కప్పుకో. ఆ సంగతి ఇవాళే చెప్పేస్తాను. ఈమధ్య నిన్ను పిలవాలంటే ముందు మీ అమ్మ పేరు, ఆ తర్వాత మీ పిన్ని పేరు పలికి, ఆఖరికి నీ పేరు దగ్గరికి వస్తున్నానా? ఇది కూడా ఎప్పుడు జారిపోతుందో ఏమో.

అనగనగా గోదారి కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి దొడ్లోనూ పొయ్యి మీద ఒక కుండ బోర్లా పడుకుని ఉండేది. కింద కొబ్బరాకుల మంట. బియ్యం రుబ్బి పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి అలా పరిస్తే చాలు, ఉల్లిపొరలాంటి రేకు లేచి వచ్చేది. దాంట్లో నెయ్యీ బెల్లం వేసి మడిస్తే పూతరేకు.

ఆ ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒకావిడ. ఆవిడ తీసిన రేకులోంచి చూస్తే అవతలి మనిషి కనిపించేవాడు. ఆవిడకి ఒక్కతే కూతురు, మాణిక్యం. నీ అంతే ఉండేది. నీలాగే ఒక్క క్షణం ఊరుకునేది కాదు, అదేమిటి, ఇదెందుకు అని.

రేకు చిరిగితే అమ్మకానికి పనికిరాదు. అప్పుడు అచ్చాయమ్మ ఆ ముక్కల మీద బెల్లం చల్లి వీధి పిల్లల చేతుల్లో పెట్టేది. మాణిక్యం చెయ్యి చాపితే మాత్రం తన చెయ్యి వెనక్కి లాక్కునేది. "నీకొద్దు. పోయి అత్తనడుగు" అనేది. అన్నం ముద్దయినా అంతే. మాణిక్యానికి అన్నం కలిపి పెట్టేది మేనత్త సుబ్బాయమ్మే.

వీధి పిల్లలు ఊరుకుంటారా? అమ్మ పెట్టిన రేకు నములుతూనే, "ఏవే, మీ కుండమ్మ ఇవాళ కుండతో ఏం మాట్లాడిందే?" అని ఏడిపించేవాళ్ళు.

వాళ్ళన్నది అబద్ధం కాదు. అచ్చాయమ్మ రేకు తీస్తూ తీస్తూ గుడ్డ గాల్లోనే ఆపేసేది. తల పక్కకి వంచి వినేది. "ఊఁ... అలాగే... పెట్టనులే" అని జవాబు చెప్పేది.

మాణిక్యానికి ఒకటే బెంగ. అమ్మ అందరికీ పెడుతుంది, నాకెందుకు పెట్టదు? నేనంటే ఇష్టం లేదా?

ముందు మేనత్తని అడిగింది. "దిష్టే, ఇంకేంటి! ఊళ్ళో కళ్ళన్నీ మీ అమ్మ చేతి మీదే" అని అత్త గుప్పెడు ఉప్పు తీసి అమ్మ చుట్టూ తిప్పి పోసింది.

ఆ తర్వాత నాన్నని అడిగింది. నాన్న వీర్రాజు సైకిలుకి రేకుల బుట్ట కడుతున్నాడు. "మీ అమ్మకి పని ధ్యాస ఎక్కువమ్మా" అన్నాడు. అంటూ, వేసిన ముడే మళ్ళీ వేశాడు.

ఇక మిగిలింది కుండ. అమ్మ దాంతోనే కదా మాట్లాడుతుంది, దాన్నే అడుగుదాం అనుకుంది మాణిక్యం. అమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు మెల్లగా పొయ్యి దగ్గరికి చేరి, కుండకి చెవి ఆనించింది.

చుర్రుమంది!

అప్పుడు... అప్పుడేమైంది? ఎక్కడున్నాం? ఆఁ, చెవి. అలా అందిస్తూ ఉండు తల్లీ.

ఆ కేకకి అచ్చాయమ్మ బిందె కాలవగట్టునే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చెవి మీద చల్లటి నీళ్ళు పోసింది. ఒళ్ళోకి లాక్కుని ఊదింది. ఆ తర్వాత బెదురు కళ్ళతో అడిగింది.

"నీకూ వినపడిందా?"

"లేదమ్మా. నీకేం వినపడుతుంది?"

ఆ మాట అంతవరకూ ఆవిణ్ణి ఎవ్వరూ అడగలేదు. అచ్చాయమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీ చేత్తో పెడితే నీ పిల్ల బతకదు అంటుందే. పొద్దస్తమానం అదే మాట. అందుకే నీకు పెట్టను. చచ్చినా పెట్టను."

చూశావా? ఇష్టం లేక పెట్టకపోవడం కాదు. ప్రాణం కాబట్టే పెట్టడం లేదు. ఆ మండే చెవితోనే మా అమ్మని గట్టిగా వాటేసుకున్నాను.

అయ్యో, నోరు జారింది. అవునే, మాణిక్యం నేనే. తడిమి చూడు, ఈ చెవి అంచు ముడతగా లేదూ?

సంగతి తెలిసి మా అత్త ఏం చేసిందో తెలుసా? మాట్లాడేది కుండే కదా అని రోకలి తీసుకుని కుండని ఢామ్మని పగలగొట్టింది. ఏళ్ళ తరబడి నూనె తాగి, మంటకి కాగి నునుపెక్కిన కుండ! కొత్త కుండ తెస్తే దాని మీద రేకు లేవదు. అతుక్కుపోయింది, చిరిగిపోయింది. వీధి పిల్లలకి మాత్రం పండగ.

మరి ఆ గొంతు పోయిందా? పోలేదు. ముందు కొత్త కుండలో పలికింది. ఆ తర్వాత నీళ్ళ బిందెలో పలికింది. ఆ తర్వాత రోట్లో. అమ్మ రుబ్బడం కూడా మానేసి, చెవులు మూసుకుని మూల కూర్చుంది.

అప్పుడు నేను నాన్న దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, కుండ పగిలినా మాట పగల్లేదు. అది కుండలో లేదు."

"మరెక్కడుందంటావమ్మా?"

"నాకు తెలీదు. తెలిసినవాళ్ళని అడుగుదాం."

నాన్న నా కాలిన చెవి వంక చూశాడు. ఆ తర్వాత అమ్మని, నన్ను, అత్తని బస్సెక్కించి, మనసుకి వైద్యం చేసే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ డాక్టరమ్మ ముందుగా అడిగిందేమిటో చెప్పనా? "ఏమంటోందమ్మా అది?" అని, నేనడిగినట్టే! అమ్మ నా వంక చూసి అంతా చెప్పింది.

"ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకీ చేస్తుంది" అంది డాక్టరమ్మ మాతో. "ఆ గొంతు ఆవిడకి నిజంగానే వినపడుతుంది. నవ్వకండి, తిట్టకండి, కుండలు పగలగొట్టకండి." మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మందులు వేసుకున్న కొత్తలో అమ్మ ఊరికే నిద్రపోయేది. లేస్తే చెయ్యి వణికేది. మెల్లమెల్లగా మళ్ళీ కుండ దగ్గర కూర్చుంది. ఒక మధ్యాహ్నం నేను పక్కన చేరి, "ఇప్పుడేమంటోందమ్మా?" అన్నాను.

"ఉందే. కానీ దోమలా చిన్నగా గీపెడుతోంది" అంది.

అని ఒక రేకు తీసింది. నెయ్యి రాసి, బెల్లం చల్లి మడిచింది. సగం తను కొరికింది. నమిలింది, మింగింది. గుండె మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది. పొయ్యిలో మంట తగ్గిపోయింది. ఏమీ కాలేదు. అప్పుడు మిగతా సగం తన చేత్తోనే నా నోట్లో పెట్టింది.

"ఏమీ కాలేదు కదే?"

"బెల్లం తక్కువైందమ్మా" అన్నాను.

మా అమ్మ నవ్వింది! ఆ తర్వాత ఆ గొంతు మధ్యమధ్యలో పెద్దదయ్యేది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం, మళ్ళీ వచ్చేవాళ్ళం. ఉన్నన్నాళ్ళూ మా అమ్మ నాకు అలాగే పెట్టింది, ముందు సగం తను తిని.

ఏమిటీ, నాకూ వినపడుతుందా అనా? లేదు తల్లీ. నాది ఉత్త మతిమరుపు. మా అమ్మ పెట్టినట్టు పెట్టడమే ఈ చేతికి తెలుసు, అంతే. కానీ ఏదో ఒకరోజు నీ పేరు దాకా రాలేకపోతానేమో. పూతరేకు చేతిలో పట్టుకుని, ఇదేమిటా అని చూస్తూ కూర్చుంటానేమో. అప్పుడు...

ఏమన్నావు? నువ్వే సగం కొరికి నాకు పెడతావా? మరి ఎంగిలి కదే?

పర్లేదా? సరే అయితే.

కథేమో కంచికి చేరింది,
రేకేమో నోట్లో కరిగింది.
ముందు సగం నాదంట,
మిగతా సగం నీదంట,
నే మరిచిన మాట నువ్వంట,
ఇక ఇద్దరికీ నిద్దరంట.