దూకనని చెప్పిన నేరేడి

అనగనగా ఒక కొండ అడవిలో కొండముచ్చుల గుంపు ఉండేది. నల్ల మూతులు, బారెడు తోకలు. రోజూ ఎండ తగ్గాక ఒకదాని వీపు ఒకటి దువ్వి పేలు ఏరుకునేవి. ఆ పనిలో తమను మించినవాళ్ళు లేరని వాటికి మహా గొప్ప.

ఆ గుంపులో నేరేడి అనే పిల్ల ఉంది. కొన్నాళ్ళుగా దానికి ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతున్నాయి. ఒకసారి చింతకొమ్మ మీంచి జారింది. ఇంకోసారి నీళ్ళు తాగుతూ బురదలో పడింది. తోటి పిల్లలు పడీపడీ నవ్వాయి. పెద్దవేమో వేషాలేస్తోందని విసుక్కున్నాయి. పాపం, అది ఎవరికీ చెప్పడం మానేసింది.

ఇంతలో వానలు ముంచుకొచ్చాయి. వాగు పొంగేలోగా లోయ దాటి అవతలి కొండకు చేరాలి. చంటిపిల్లలు తల్లుల పొట్టలు కరుచుకుని వెళ్తాయి. ఏడాది నిండినవి లోయ ఇరుకైన చోట ఇవతలి కొమ్మ మీంచి అవతలి కొమ్మకు సొంతంగా దూకాలి. అది వాటి కట్టుబాటు.

నేరేడి వంతు వచ్చింది. కింద లోయ గిర్రున తిరిగింది. దూకితే ప్రాణం పోతుంది. దూకకపోతే పరువు పోతుంది. వెనక పిల్లలు అప్పుడే కిసుక్కుమంటున్నాయి.

నేరేడి కొమ్మను గట్టిగా పట్టుకుని గుంపుకు పెద్దయిన బొల్లవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేను దూకను" అంది.

ఎంత గుండె ధైర్యమో చూడండి. అందరి ముందూ ఆ మాట అనడం లోయ దూకడం కంటే కష్టం.

బొల్లవ్వ కోప్పడబోయి ఆగింది. "ఎటు పడతావే?" అని అడిగింది.

"ఎప్పుడూ ఎడమ పక్కకే, అవ్వా."

అవ్వ ఆలోచనలో పడింది. భయపడే పిల్ల ఎటైనా పడుతుంది. వేషాలేసే పిల్ల మెత్తటి చోటు చూసుకుని పడుతుంది. ఎప్పుడూ ఒకే పక్కకు పడుతోందంటే ఏదో ఉంది. వెంటనే నేరేడి ఎడమ చెవి విప్పి చూసింది. లోపల రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన పిడుదు కరుచుకుని ఉంది.

ఇన్నాళ్ళూ వీపులు దువ్వాయే కానీ, ఒక్కటీ చెవిలోకి తొంగి చూడలేదు. బొల్లవ్వకు సిగ్గేసింది. పిడుదును మెల్లగా లాగేసింది. కట్టుబాటును పక్కన పెట్టి, నేరేడిని తన వీపు మీద ఎక్కించుకుని లోయ దాటింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తల తిరుగుడు పూర్తిగా తగ్గడానికి పది రోజులు పట్టింది. నేరేడి ముందు నేల మీద నడిచింది, తర్వాత కింది కొమ్మల మీద నడిచింది. వానలు వెలిశాక, తిరిగి వచ్చేటప్పుడు, ఆ లోయను తనే దూకింది.

అప్పటినుంచి ఆ గుంపులో పేలు చూడటం చెవులతోనే మొదలవుతుంది.

నీతి: ఒంట్లో బాగాలేదని ఉన్నమాట చెప్పడం పిరికితనం కాదు, ధైర్యం. ఆ మాటను నవ్వకుండా వినడం పెద్దల పని.